ఇల్లు చూపించే ముందు మోటారు వేయండి

అమెరికాలో ఇల్లు అమ్మేవాళ్ళు వారాంతంలో వాకిట్లో ఓ బోర్డు పాతి, తలుపులు తెరిచిపెట్టి, ఎవరైనా లోపలికొచ్చి చూసుకోవచ్చంటారు. దాన్ని ‘ఓపెన్ హౌస్’ అంటారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు అమ్మకానికి పెట్టిన తెలుగు కుటుంబానికి తెలిసినవాళ్ళు ఇచ్చే మొదటి సలహా, రెండ్రోజులు తాళింపు మానుకోమని. అనంతపురంలో ఆ బెంగ లేదు. పోపు వాసన వస్తే వచ్చినవాళ్ళు భోజనానికి పిలుస్తారేమోనని ఇంకాసేపు కూర్చుంటారు.

ఇక్కడి పరీక్ష వేరు. ఇల్లు చూడవచ్చిన మనిషి హాల్లో రంగులు చూడడు, పూజగది తలుపు మీద చెక్కడం చూడడు. నేరుగా వెనకవైపుకి నడిచి “బోరెంత లోతు ఏసినారన్నా? ఎండాకాలం నీళ్ళొస్తాయా?” అంటాడు. మిగతా గదులు చూడాలో వద్దో ఆ జవాబును బట్టి తేలుతుంది. ఈ కరువు సీమలో ఇల్లు అమ్మకానికి సిద్ధం చేయడమంటే ముందు నీళ్ళు, తర్వాత కాగితాలు. రంగుల సంగతి ఆ తర్వాత. ఆ దారిలో కొన్ని విశేషాలు.

అడుగున అంతా బండే

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో జైసల్మేర్ తర్వాత ఇంత తక్కువ వాన మాకేనని ఇక్కడివాళ్ళు కొంచెం బాధతో, కొంచెం గొప్పగా కూడా చెప్పుకుంటారు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుంటాయి. ఈశాన్యం నుంచి వచ్చేవి కోస్తా దాటి ఇంత లోపలికి వచ్చేసరికి వట్టిపోతాయి. పడిన కాసిని నీళ్ళు నిలవడానికి అడుగున ఇసుక పొరలు లేవు, గ్రానైటు జాతి బండ ఉంది. ఆ బండలో పగుళ్ళుంటేనే నీరు. అందుకే మీ బోరు నిండుగా పోస్తుంటే, ప్రహరీకి అవతల పక్కింటివాళ్ళ బోరు దుమ్ము కక్కవచ్చు.

వాస్తు ప్రకారం బోరు ఈశాన్యంలో ఉండాలి. బండలోని పగులుకి వాస్తు తెలియదు. ఆగ్నేయంలో నీళ్ళున్న ఇల్లా, ఈశాన్యంలో ఎండిన బోరున్న ఇల్లా అంటే కొనేవాళ్ళు కాసేపు తటపటాయించి నీళ్ళ వైపే మొగ్గుతారు. వాస్తుదోషానికి పరిహారం చెప్పేవాళ్ళు దొరుకుతారు, ఎండిన బోరుకి పరిహారం ఇంకో బోరే.

కార్తీకంలో అమ్మకం, రోహిణిలో కొనుగోలు

జిల్లాలో వాన ఎక్కువగా పడేది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. ఆ తర్వాత కొన్నాళ్ళు భూగర్భజలం కాస్త పైకి ఉంటుంది, మే నాటికి అడుగంటుతుంది. తెలివైన అమ్మకందారు కార్తీకమాసంలో ఇల్లు చూపిస్తాడు, అంతకన్నా తెలివైన కొనుగోలుదారు రోహిణి కార్తెలో మళ్ళీ వస్తానంటాడు. మోటారు వేయగానే పడే ధార చూసి మురిసిపోయేవాడు కొత్తవాడు. అనుభవమున్నవాడు గంటసేపు నడపమని, ధార సన్నబడుతుందేమో చూస్తాడు, పైపులో గాలి కొడుతుందేమో చెవిపెట్టి వింటాడు. ట్యాంకరు నీళ్ళతో సంపు నింపి మూత తీసి చూపించే ఘనులూ లేకపోలేదు.

నీళ్ళు ఉండటం ఒక ఎత్తు, తాగగలగడం ఇంకో ఎత్తు. ఫ్లోరైడు ఈ జిల్లాకి పాత శత్రువు. తాగునీటికి మన దేశ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడు, వేరే దిక్కులేని చోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు. సత్యసాయి ట్రస్టు 1990ల నడిమికాలంలో 700కి పైగా గ్రామాలకి గొట్టాల ద్వారా నీళ్ళిచ్చింది కూడా ఈ కరువూ ఈ ఫ్లోరైడూ చూసే. అనంతపురం నగరంలోనైతే కొళాయి నీరు పెన్న అహోబిలం రిజర్వాయరుది. కొళాయి ఏ రోజు వస్తుందో, ఎంతసేపు వస్తుందో నిజం చెప్పేయడం మంచిది, పక్కింటామె ఎలాగూ చెప్పేస్తుంది. ఇల్లు చూపించే రోజు చేతిలో ఒక నీళ్ళ పరీక్ష కాగితం ఉంచుకున్నవాళ్ళు అరుదు. ఈ సీమలో అది కొత్త రంగుల కన్నా ఎక్కువ ధర పలికిస్తుందని నా నమ్మకం.

చింతపండు ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు

ఉప్పునీటి బోరున్న ఇంట్లో కొళాయి మూతులకీ, స్నానాలగది టైల్స్‌కీ తెల్లటి పొర పేరుకుంటుంది. నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు అవి. పులుపు తగిలితే కరుగుతాయి. ఉమ్మడి జిల్లాలోని హిందూపురం చింతపండు మార్కెట్టుకి పేరుపడ్డ ఊరు, కాబట్టి సరుకుకి కరువు లేదు. నానబెట్టిన చింతపండు పిప్పి పట్టించి కాసేపు వదిలి రుద్దితే కొళాయి మెరుస్తుంది.

అదే చేత్తో నేల మీదికి మాత్రం పోవద్దు. తాడిపత్రి, బేతంచెర్ల బండలు సున్నపురాయి జాతివి. వాటిమీద పులుపు గానీ, బాత్రూం యాసిడ్ గానీ పడితే బుసబుస నురగ వస్తుంది. మురికి పోతున్నదనుకుంటాం, నిజానికి పోతున్నది బండే. మెరుగు ఊడి బూడిద రంగు మచ్చ మిగులుతుంది. చూడవచ్చేవాళ్ళ కోసం హడావుడిగా యాసిడ్ పోసి, ఆ మచ్చ మీద చాప పరిచే ఇళ్ళు ఉంటాయి. చాప ఎత్తి చూసే పెద్దావిడ కొనేవాళ్ళ వెంట తప్పకుండా వస్తుంది. నల్లబండలకి తడిగుడ్డ, ఆరాక గుడ్డకి అద్దిన కాస్త నూనె చాలు.

మిద్దె మీద చౌడు

పాత సీమ ఇల్లంటే మట్టి మిద్దె. దూలాలు, వాటిమీద కట్టెలో బండలో, ఆపైన మట్టి. అన్నిటికన్నా పైన వేసేది మామూలు మట్టి కాదు, చౌడు. పైరుకి పనికిరాని ఈ ఉప్పుమట్టి మిద్దెకి మహా పనికొస్తుంది. అందులోని సోడియం వల్ల తడి తగలగానే బంకమన్ను రేణువులు విడివడి సందులన్నీ పూడ్చేస్తాయి, నీరు కిందికి దిగదు. వానలకి ముందు మిద్దెకి చౌడు మన్ను వేయడం ఒకప్పుడు ఇంటింటా పని. ఇప్పుడా పని చేసేవాళ్ళు తగ్గి, వేయించేవాళ్ళూ తగ్గారు. పాత మిద్దె కొనేవాడు నిచ్చెన అడిగాడంటే చౌడు చూడటానికే.

మిద్దె నడుమ వెలుతురు కోసం, పొగ పోవడం కోసం ఉండే గవాక్షికి వాన నీరు దిగకుండా గట్టు కట్టి ఉంటుంది. ఆ గట్టు పగిలిందేమో చూసుకోవాలి. ఇక పల్లెల్లో ఇల్లు ఎంత పెద్దదంటే చదరపు అడుగుల్లో చెప్పరు, ‘ఐదంకణాల మిద్దె’, ‘ఏడంకణాల మిద్దె’ అంటారు. రెండు దూలాల నడిమి జాగా ఒక అంకణం. ఇంటి అంకణాలు లెక్కపెట్టాలంటే తల ఎత్తి దూలాలు చూడాల్సిందే, దాంతోపాటే చెదలూ కనిపిస్తాయి. స్థలాలకి వాడే అంకణం మాత్రం కొలత. అది తిరుపతిలో 36 చదరపు అడుగులైతే, నెల్లూరులో 72. ఊరు మారిన బేరంలో దీని దగ్గరే గొడవలు. సెంటుకి ఆ పేచీ లేదు, ఎక్కడైనా 435.6 చదరపు అడుగులే.

గోడకి ఉప్పు తేలితే రంగు పూసి లాభం లేదు. ఉప్పు బోరు నీటితో కట్టిన గోడల్లో తడి చేరి, ఆరేటప్పుడు లవణాన్ని పైకి లాక్కొస్తుంది. కొత్త రంగు పొరని అదే తోసేస్తుంది. తడి వచ్చే దారి మూయకుండా వేసిన రంగు అడ్వాన్సుకీ రిజిస్ట్రేషనుకీ నడుమ రాలడం మొదలుపెడితే బేరం కూడా దానితోపాటే రాలుతుంది.

కరువు ఊళ్ళో వరద ప్రశ్న

2022 అక్టోబరులో అనంతపురంలో కుండపోత కురిసి నడిమివంక పొంగింది, కాలనీలకి కాలనీలు మునిగాయి. జనం మిద్దెలెక్కారు, పడవలు దింపారు. అప్పట్నుంచి ఇల్లు చూడవచ్చేవాళ్ళు ‘నీళ్ళు వస్తాయా’ అన్న ప్రశ్ననే రెండు అర్థాల్లో అడుగుతున్నారు.

1882

అనంతపురం జిల్లా బళ్ళారి నుంచి విడివడింది 1882లో. ఇల్లు అమ్మేవాడు ఏం చేయాలో రాసిపెట్టిన ఆస్తి బదలాయింపు చట్టం కూడా 1882దే. అందులో 55వ సెక్షను ఇప్పటికీ అమలులో ఉంది, చదివినవాళ్ళు మాత్రం తక్కువ. కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఆస్తిలో గానీ హక్కులో గానీ ఉండి, అది అమ్మేవాడికి తెలిస్తే, అమ్మేవాడే నోరు తెరిచి చెప్పాలి. అడిగితే హక్కు పత్రాలు చూపించాలి. అమ్మిన రోజు దాకా ఉన్న పన్ను బకాయిలు అమ్మేవాడివే. గోడ మీద బీట ఎవరికైనా కనిపిస్తుంది గనక చెప్పనక్కర్లేదని వాదించవచ్చు. దానిమీద వెంకటేశ్వరస్వామి క్యాలెండరు తగిలిస్తే ఏమంటారు?

నిధి మీకే, కానీ...

పాత ఇంటి దస్తావేజు బయటికి తీసినప్పుడు చెక్కుబందీతో ఆగిపోకుండా చివరిదాకా చదవండి. ఇంటితోపాటు ‘నిధి నిక్షేప జల పాషాణ అక్షిణి ఆగామి సిద్ధ సాధ్యాలు’ అన్నీ మీ పరం చేస్తున్నామని ఒక పాఠం కనిపిస్తుంది. ఇవే అష్టభోగాలు. విజయనగర రాజులు అగ్రహారాలు దానమిచ్చిన శాసనాల్లో ఉన్న మాటలు దాదాపు అలాగే నడిచొచ్చి, సబ్ రిజిస్ట్రారు కార్యాలయం ముందు చెట్టుకింద కూర్చున్న లేఖరి కలంలో బతికున్నాయి. రాజు ఊరు మొత్తాన్ని ఇచ్చేటప్పుడు రాసిన వాక్యం, ఇప్పుడు మూడు సెంట్ల ఇంటికీ రాస్తారు.

రాసినంత మాత్రాన చెల్లుబాటు కావు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దాగి ఉండి దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి తెలియజేయాల్సిందే. ఆ పది రూపాయల అంకె చట్టంలో ఉన్నది ఉన్నట్టే ఉంది. పెనుకొండ చుట్టుపక్కల పాత కోటలూ గుళ్ళూ గుప్తనిధుల ఆశతో తవ్వినవాళ్ళ వార్తలు పేపర్లకి కొత్త కాదు. పాత మిద్దె అమ్మేటప్పుడు ‘మా అవ్వ కాలంలో ఈ గోడలో ఏదో పెట్టినారంట’ అని నవ్వులకి అన్నా, కొనేవాడు రేటు పెంచడు గానీ గోడ మాత్రం తవ్వుతాడు. వజ్రకరూరు వైపు తొలకరి వానకి చేలల్లో వజ్రాలు వెతికే జనం ఉన్న జిల్లా ఇది. రామగిరిలో 2001 దాకా బంగారం తవ్వారు. నేల కింద ఏదో ఉందన్న ఆశ ఇక్కడ మరీ గాలిలోంచి పుట్టింది కాదు.

కాగితాల మడత విప్పితే

ఉమ్మడి రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ల కంప్యూటరీకరణ 1998లో మొదలైంది. ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ తీయడం ఇప్పుడు తేలిక, పాత కాలంది కావాలంటే మాత్రం పుస్తకాలు తిరగేయించాలి. ఇల్లు చూపించడానికి ముందే ఈసీ, లింకు డాక్యుమెంట్లు, ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు ఒక ఫైల్లో పెట్టి టీపాయ్ మీద ఉంచండి. పూలకుండీ కన్నా అదే అందంగా కనిపిస్తుంది.

మీ సర్వే నంబరు 22-ఏ జాబితాలో పొరపాటున ఎక్కిందేమో కూడా చూసుకోవాలి. ఎక్కితే రిజిస్ట్రేషను జరగదు. పల్లెల్లో గ్రామకంఠం ఇళ్ళకి తరతరాలుగా కాపురమే తప్ప కాగితం ఉండేది కాదు. 2020 ఏప్రిల్ 24న కేంద్రం మొదలుపెట్టిన స్వామిత్వ పథకం డ్రోన్లతో కొలిచి ఆస్తి కార్డులిచ్చేది ఇలాంటివాటికే. ప్రభుత్వం ఇచ్చిన ఇంటిపట్టాలని అసైన్డ్ భూముల 1977 చట్టం అమ్ముకోనివ్వదు, తర్వాతి సవరణలు గడువు దాటినవాటికి కొంత వెసులుబాటు ఇచ్చాయి.

ఒక మంచి సంగతి. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆర్డీటీ అనే సేవాసంస్థ పేదలకి కట్టించిన ఇళ్ళు ఇంటి ఇల్లాలి పేరు మీదే ఉంటాయి. మొగుడు మధ్యవర్తితో ఎంత బేరమాడినా, ఆమె సంతకం లేనిదే గడప కదలదు.

మగ్గం గుంత పూడ్చాలా?

ధర్మవరంలో ఇల్లు అమ్మేవాళ్ళకి వేరే చిక్కుంది. అక్కడ చాలా ఇళ్ళలో ముందుగదిలో మగ్గం గుంత ఉంటుంది, నేతగాడు కాళ్ళు అందులోకి దించి నేస్తాడు. కొనేవాడు నేతపని చేసేవాడైతే గుంత ఉండటం లాభం, ఉద్యోగి అయితే పిల్లాడు పడతాడని భయం. జాకార్డు పెట్టె మగ్గం పైన కూర్చుంటుంది గనక పైకప్పు ఎత్తు కూడా ముఖ్యమే. నేతగాడు ఇల్లు చూడవస్తే ఎత్తు చూస్తాడు, వెలుతురు ఏ వైపు నుంచి నూలు మీద పడుతుందో చూస్తాడు. అందుకని గుంత ముందే పూడ్చేయడం తొందరపాటు. ఎవరు కొంటారో తేలాక బండ పరిపించడం ఒక్క పూట పని, పూడ్చింది మళ్ళీ తవ్వడం అలా కాదు.

రెండు ఊళ్ళ రేట్లు

పుట్టపర్తిలో 2011 ఏప్రిల్ 24న సత్యసాయిబాబా కన్నుమూశాక ఫ్లాట్లు కొనేవాళ్ళు లేక తాళాలు తుప్పుపట్టాయి. విదేశీ భక్తుల కోసం కట్టిన బాల్కనీలూ, స్నానపు తొట్లూ స్థానికులకి అక్కర్లేనివి. అక్కడికి కాస్త దూరంలోనే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం వస్తుందని 2017లో ఒప్పందం కాగానే చుట్టూ భూముల ధరలు ఎగబాకాయి. 2019లో కార్లు బయటికొచ్చేసరికి రహదారి పక్కన కొరియా భాషలో బోర్డులు వెలిశాయి. కొరియా వాళ్ళు కూడా మనలాగే గడప బయట చెప్పులు విడుస్తారు, వాళ్ళకి ఇల్లు చూపించేవాళ్ళకి ఈ ఒక్క సంగతిలో శ్రమ తప్పింది.

అద్దెకి సోఫాలు

ఇల్లు చూపించడం కోసం సామాను సర్దడాన్ని ఒక వృత్తిగా మార్చిన ఘనత బార్బ్ ష్వార్జ్ అనే అమెరికా మహిళది. 1972లో సియాటెల్ ప్రాంతంలో ఆమె దీన్ని మొదలుపెట్టింది. ఇంట్లోవాళ్ళ ఫొటోలు తీసేయాలి, దేవుడి బొమ్మలు కూడా తగ్గించాలన్నది అక్కడి సూత్రం. అనంతపురంలో పూజగది ఖాళీ చేసి చూపిస్తే ‘ఈ ఇంట్లో ఏం జరిగింది?’ అని అనుమానపడతారు. పెళ్ళి ఫొటోలు, తాతగారి పటం ఉండనివ్వండి, కాపురం కళకళలాడిందని వాటి సాక్ష్యం. అలంకారం కావాలనుకుంటే ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు చేసే దీపపు గూళ్ళు ఒకటి రెండు వేలాడదీయండి. సాయంత్రం చూపిస్తే హాలు రూపే మారిపోతుంది.

2024 ఆగస్టు 17 నుంచి అమెరికాలో ఏజెంటు వెంట ఇల్లు చూడాలంటే ముందే రాతపూర్వక ఒప్పందం ఉండాలి. ఓపెన్ హౌసుకి ఊరికే వెళ్ళి చూసొచ్చేవాళ్ళకి మాత్రం అక్కర్లేదు. మన దగ్గర మధ్యవర్తితో ఒప్పందమంతా నోటిమాటే, నూటికి ఒకటా రెండా అన్న గొడవ రిజిస్ట్రేషను రోజు కాఫీ హోటల్లో తేలుతుంది.

గాలి, కలబంద

ఆషాఢం గాలికి రామగిరి గుట్టల మీద గాలిమరలు తిరుగుతాయి, మీ ఇంట్లో పడమటి కిటికీల నుంచి దుమ్ము దిగుతుంది. ఆ రోజుల్లో కసువు ఊడ్చేది పొద్దున కాదు, ఇల్లు చూసేవాళ్ళు రావడానికి పావుగంట ముందు. ఎండాకాలమైతే ఏడు నుంచి తొమ్మిది లోపు చూపించడమే మేలు. మధ్యాహ్నం పడమటి గోడ మీద చెయ్యి పెట్టినవాడు వంద ప్రశ్నలు వేస్తాడు. మిద్దెకి తెల్ల సున్నం కొట్టడం పాత చిట్కానే, తెలంగాణ ప్రభుత్వం 2023లో దాన్నే ‘కూల్ రూఫ్’ విధానంగా తెచ్చింది.

గుమ్మానికి తలకిందులుగా వేలాడే కలబందని వాడిపోయిందేమోనని తీసేయకండి. మిగతా మొక్కలు పగలు తెరిచే ఆకు రంధ్రాల్ని అది రాత్రిపూట తెరుస్తుంది, తేమ పోగొట్టుకోదు. అందుకే మన్నూ నీళ్ళూ లేకుండా నెలలు బతుకుతుంది.

బయానా

మంగళవారం ఇల్లు చూడ్డానికి వస్తారు, బయానా మాత్రం ఇవ్వరు. ఏ రోజు ఇచ్చినా సున్నాతో ముగిసే అంకె ఉండదు, పైన ఒక రూపాయో, నూటపదహార్లో కలుస్తాయి. అమెరికాలో ధరని తొమ్మిదితో ముగించి తక్కువగా కనిపించేట్టు చేస్తే, మనం ఒకటి కలిపి పెరిగేట్టు చేస్తాం. ఆ నోట్ల కట్ట ఎంత మందం ఉండొచ్చో ఆదాయపు పన్ను శాఖ చెప్పింది. 2015 జూన్ 1 నుంచి ఇల్లు, స్థలాల అడ్వాన్సుగా 20,000 రూపాయలు గానీ అంతకన్నా ఎక్కువ గానీ నగదుగా పుచ్చుకోకూడదు, పుచ్చుకుంటే అంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు. ధర 50 లక్షలు గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే కొనేవాడు నూటికి ఒక రూపాయి పన్నుగా పట్టుకుని మిగతాదే ఇస్తాడు. తాంబూలంలో నూటపదహార్లు పెట్టి, మిగతాది బ్యాంకు ద్వారా పంపించమనండి. కరెంటు మీటరు పేరు మార్పిడి దరఖాస్తు మీద సంతకం కూడా ఆ రోజే చేసివ్వండి, లేకపోతే కొత్త యజమాని వేసే ఏసీ బిల్లు మీ పేరు మీదే వస్తుంది.